పాతది చేత పట్టుకెళ్ళు

మా ఊరికి బస్సు రాదు. హుకుంపేట మండలంలో తారురోడ్డు దిగి, మట్టిబాట మీద ఆరు కిలోమీటర్లు పైకెక్కితే మా ఊరు. దాని వెనక ఇంకో మూడు గూడేలు. ఈ నాలిగింటికీ కలిపి ఉన్నది ఒకే బండి, మా అన్నయ్య మేజిక్కు. సంతకి పసుపు, మిరియాలు, రాజ్‌మా చిక్కుళ్ళు ఎక్కించేది అదే. ఆశ్రమ పాఠశాల పిల్లల్ని పండగలకి తెచ్చేదీ, మళ్ళీ దింపేదీ అదే. నెలలు నిండిన ఆడమనిషికి నొప్పులొస్తే అంబులెన్సు ఆగే చోటికి దింపేది కూడా అదే. అది లేనినాడు డోలీయే.

మూడేళ్ళ కిందట వానాకాలంలో ఆ బండి పాడేరు ఘాట్‌లో ఆగిపోయింది. పైన ఎక్కడో లారీ అడ్డంపడింది, కింద బళ్ళు బారులు తీరాయి, ఆ ఎక్కుడులో నీళ్ళ గొట్టం పగిలింది. ఇంజను ఉడికిపోయింది. పాడేరు మేస్త్రి విప్పి చూసి హెడ్డు పగిలిందన్నాడు. లేతు షాపులో గాలి పట్టి చూస్తే నిజమే, వాల్వు సీటు దగ్గర సన్నని చీలిక. వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ వెంట్రుక మా నాలుగు ఊళ్ళనీ ఇరవై రోజులు పైగా నడిపించింది.

కొత్త హెడ్డు కొనాలంటే మా దగ్గరున్న డబ్బుకి మూడింతలు కావాలి. ఉన్నది పదకొండు వేలు, అదీ మిరియాలు అమ్మినది. కాబట్టి పాత సామాన్ల కొట్టే గతి. మన ఏజెన్సీలో బండి ఉన్న ప్రతి ఇంటికీ ఈ దారి తెలుసు. గాజువాక దగ్గరి ఆటోనగర్, అక్కడ దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్. అక్కడ రోడ్డు పొడుగునా ఇంజన్లు, గేరుబాక్సులు, హెడ్లు గుట్టలుగా పోసి ఉంటాయి. ఏది ఏ బండిదో చెప్పేవాడు అమ్మేవాడొక్కడే. తీసుకెళ్ళాక వాపసు లేదని గోడ మీద రాసి ఉంటుంది.

నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చదివాను. అందుకని ఇంట్లో వాళ్ళు నన్నే వెళ్ళమన్నారు. బయల్దేరుతుంటే నాన్న అన్న మాట ఇది: "పాతది చేత పట్టుకెళ్ళరా." నాన్నకి చదువు రాదు, స్పానరు పట్టుకోలేదు. ఆయన ఆ మాట ఎక్కణ్ణుంచి తెచ్చాడో నాకు తెలుసు. మా తాత కాలంలో నాగలికి కర్రు అరిగిపోతే కమ్మరి దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళేవాళ్ళు కాదు. అరిగిన కర్రూ, ఒక్కోసారి నాగలి మొత్తమూ భుజాన వేసుకెళ్ళేవాళ్ళు. కమ్మరి ఆ కర్రని చేత్తో తడిమి, దానికి పట్టేలా ఇనుము సాగగొట్టేవాడు. ఏ రెండు నాగళ్ళూ ఒక్కలా ఉండవు కదా. గొడ్డలికి కామ వేసేటప్పుడూ అంతే, కన్ను చూసి కర్ర చెక్కుతాం గానీ కర్ర చూసి కన్ను పెంచం.

ఫ్యాక్టరీలో చేసినవన్నీ ఒక్కలా ఉంటాయని మనం అనుకుంటాం. ఉంటాయి, కానీ ఒక మోడలు లోపల, ఒక కాలం లోపల. కంపెనీ మధ్యలో మారుస్తుంది. పొగ నిబంధనలు మారితే మారుస్తుంది, ఖర్చు తగ్గించుకోడానికి మారుస్తుంది, పైన పేరు మాత్రం అదే ఉంచుతుంది. అందుకే పేరు చెప్పి పాత సామాను కొనడమంత చేటు ఇంకోటి లేదు.

మా బండి సంగతే చెప్తాను. టాటా ఏస్ 2005లో వచ్చింది, దాని మీదే మనుషుల్ని ఎక్కించుకునే మేజిక్ 2007లో వచ్చింది. రెండింటికీ మొదట్లో 702 సీసీ డీజిల్ ఇంజనే, రెండు సిలిండర్లు. తర్వాత ఏస్ మెగా అని వచ్చింది. అదీ ఏసే, దానికీ రెండు సిలిండర్లే, కానీ ఇంజను 798 సీసీ, డీజిల్ పోసే పద్ధతే వేరు. సూపర్ ఏస్ అని ఇంకోటి ఉంది, దానికి నాలుగు సిలిండర్లు. మేజిక్ ఐరిస్ అని చిన్న బండి ఉంది, దానికి ఒకటే సిలిండరు, 611 సీసీ. పేరులో ఏస్ ఉంది, మేజిక్ ఉంది అని చెయ్యి పెడితే ఎక్కడ తేలతామో చూడండి.

ఇక్కడ లెక్కల మేస్టార్లకి ఒక పని చెప్తాను. మా ఇంజను బోరు 75 మిల్లీమీటర్లు, స్ట్రోకు 79.5 మిల్లీమీటర్లు. ఆ వ్యాసం, ఆ ఎత్తు ఉన్న స్తూపం ఘనపరిమాణం పిల్లల చేత కట్టించండి. దాన్ని రెండుతో హెచ్చిస్తే 702 ఘన సెంటీమీటర్లు వస్తాయి. నాలుగుతో హెచ్చిస్తే 1405 వస్తాయి, అది ఇండికా కారు డీజిల్ ఇంజను. ఊరికే కలిసిన అంకెలు కావు. ఇండికా ఇంజన్ని సగానికి తగ్గించే ఏస్ ఇంజను తయారు చేశారు. అలాగని ఇండికా పిస్టన్ మా బోరులో పట్టింది కదా అని వేసేయొచ్చా? వేయకూడదు. పిన్ను లావు చూడాలి. పిన్ను నడిమినుంచి పిస్టన్ నెత్తి దాకా ఎత్తు చూడాలి. రింగుల గాడి వెడల్పు చూడాలి, నెత్తి మీద గుంట ఆకారం చూడాలి. ఇవన్నీ కలిస్తేనే అది మనది. లావు ఒక్కటీ కలిసిందంటే అది చుట్టరికమే గానీ రక్తసంబంధం కాదు.

మారుతి వ్యాను ఉన్నవాళ్ళకీ ఇదే తంటా. వ్యానుకీ, మారుతి 800 కారుకీ 796 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజనే కాబట్టి కారు సామాను వ్యానుకి వేసేయొచ్చని సగం మంది అంటారు. లోపలి సామానులో ఒకే తరం బళ్ళయితే చాలా కలుస్తాయి కూడా. కానీ కారులో ఇంజను అడ్డంగా పడుకుని ముందు చక్రాల్ని తిప్పుతుంది. వ్యానులో ముందు సీట్ల కింద పొడుగ్గా ఉండి వెనక చక్రాల్ని తిప్పుతుంది. అందుకని కారు గేరుబాక్సు వ్యానుకి పనికిరాదు. ఇంజను చుట్టూ బిగించేవి, గొట్టాలు, పట్టీలు కూడా చూడకుండా తీసుకోకూడదు. పైగా కార్బురేటరు ఉన్న వ్యాను వేరు, తర్వాత వచ్చిన ఇంజెక్షన్ వ్యాను వేరు.

సరే, పగిలిన హెడ్డుని గోనెసంచిలో కట్టి, విప్పిన పాత గాస్కెట్‌ని రెండు అట్టల మధ్య పెట్టి, వెర్నియరు జేబులో వేసుకుని బస్సెక్కాను. కండక్టరు ఆ సంచిని కాలితో తన్ని చూసి లగేజీ టికెట్టు కొట్టాడు.

గాజువాకలో నేను ఎక్కిన కొట్టాయన మంచివాడో చెడ్డవాడో చెప్పను. వ్యాపారం చేసుకునే మనిషి. "ఏటి తమ్ముడూ, ఏ బండి?" అన్నాడు. చెప్పాను. "ఏసు హెడ్డే కదా" అని ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. నేను గాస్కెట్ తీసి దాని మీద పరిచాను. గాస్కెట్ అంటే మామూలు అట్ట కాదు, అది ఇంజనుకి పటం లాంటిది. నీళ్ళ దారులు, ఆయిలు దారి, బోల్టు కన్నాలు, సిలిండర్ల గుండ్రాలు అన్నీ దానిమీద ఉంటాయి. పరిచేసరికి బోల్టు కన్నాలే కుదరలేదు. తిరగేసి చూస్తే డీజిల్ మండడానికి హెడ్డులో ఉండాల్సిన చిన్న గదులు లేవు. మా పాత ఇంజనులో డీజిల్ ముందు ఆ గదిలో చిమ్మి, అక్కడ అంటుకుని, సిలిండర్లోకి దూకుతుంది. కొత్త పద్ధతిలో నేరుగా పిస్టన్ నెత్తి మీదే చిమ్ముతుంది, గుంట పిస్టన్‌లోనే ఉంటుంది. అంటే ఆయన పెట్టింది మెగా హెడ్డు. రెండు సిలిండర్లు చూసి ఇచ్చేశాడు.

"ఇది మెగాదండి" అన్నాను. ఆయన ఒకసారి నా మొహం, ఒకసారి సంచి చూశాడు. "మీ ఏజెన్సీవోళ్ళకి ఇయ్యన్నీ ఎందుకు బాబూ, మేస్త్రికి ఇచ్చీ, ఆడే బిగించీస్తాడు" అన్నాడు.

ఆ మాట నన్ను గుచ్చింది. కానీ ఆయన కొత్తగా కనిపెట్టిన మాట కాదు. కాంటా మీద పసుపు తూచేవాడి నోటా విన్నాను, బ్యాంకులోనూ విన్నాను. చూసుకునే హక్కు మనకి లేదన్నట్టు, నమ్మడమే మన పనన్నట్టు మాట్లాడతారు. నేనేమీ అనలేదు. రెండోది చూపించమన్నాను.

రెండోది 702దే. గాస్కెట్ పెడితే కన్నానికి కన్నం కూర్చుంది. ధర కూడా మాకు అందేదే. ఇక్కడే చాలామంది డబ్బు తీసి ఇచ్చేస్తారు. కన్నాలు కలవడం సగం పనే. హెడ్డు వేడెక్కి వంగితే లేతు షాపులో దాని ముఖం చెక్కి చదును చేస్తారు. ఒకసారి చెక్కితే తప్పులేదు. రెండుసార్లు, మూడుసార్లు చెక్కిన హెడ్డు పొట్టిదైపోతుంది. దాంతో లోపల నొక్కుడు లెక్క మారిపోతుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. నేను మా పాత హెడ్డు ఎత్తు నాలుగు మూలలా కొలిచాను, ఆయన హెడ్డు నాలుగు మూలలా కొలిచాను. ఆయనది అర మిల్లీమీటరు పైనే తక్కువొచ్చింది, ఒక మూల ఇంకొంచెం తక్కువ. అంటే బాగా చెక్కారు, అదీ వంకరగా. సిలిండర్ల నడుమ రంగు తేడాగా ఒక మచ్చ ఉంది, వెల్డింగు చేసి రుద్దినట్టు.

"రెండు గాస్కెట్లు ఏసీ, సరిపోద్ది" అన్నాడాయన.

ఘాట్ రోడ్డు ఎక్కని మనిషి మాట అది. మైదానంలో రెండు గాస్కెట్లతో బండి కొన్నాళ్ళు తిరుగుతుందేమో. పదిహేనుమందితో, మూటలతో మొదటి గేరులో అరగంట ఎక్కే బండికి అది నిలవదు. నేను సంచి కట్టుకుని బయటికొచ్చేశాను. ఇంకో నాలుగు కొట్లు తిరిగాను, 702 హెడ్డు దొరకలేదు. రాత్రి బస్సుకి ఖాళీ చేతులతో, అంటే పగిలిన హెడ్డుతో, తిరిగొచ్చాను.

ఇంట్లో ఎవరూ సంతోషపడలేదు. అన్నయ్య రెండు రోజులు మాట్లాడలేదు. అతని బాధ నాకు అర్థమయింది, అప్పువాడు వచ్చి వెళ్ళాడు. మూడో రోజు రాత్రి పక్కగూడెం నుంచి ఒక పిల్లని డోలీలో దింపారు, మొదటి కాన్పు. వానలో ఆరు కిలోమీటర్లు. మోసిన నలుగురిలో అన్నయ్య ఒకడు. తల్లీబిడ్డా క్షేమంగానే ఉన్నారు. పొద్దున్న తిరిగొచ్చి భుజం మీద చర్మం లేచిపోయి ఉంటే దానికి పసుపు రాసుకుంటూ, "ఆ రెండో హెడ్డు తెచ్చుంటే ఈపాటికి నడిచేది కదరా" అన్నాడు. నడిచేది. ఎన్నాళ్ళో ఎవరు చెప్పగలరు? ఆ పిల్ల లోపల ఉండగా ఘాట్ మధ్యలో ఆగదని ఎవరు చెప్పగలరు? నా దగ్గర వెర్నియరు అంకె ఉంది గానీ అన్నయ్య భుజం ముందు ఆ అంకె చెప్పడానికి నోరు రాలేదు. నాన్న ఒక్కడే, "కర్రు కుదరకపోతే ఎద్దు మెడ పోద్ది" అని ఊరుకున్నాడు.

వారం తర్వాత విజయవాడ వెళ్ళాను. అక్కడ మూడో కొట్టులో దొరికింది. గాస్కెట్ కూర్చుంది, ఎత్తు మా పాతదానికి వెంట్రుకవాసి తేడాలో ఉంది. ఇంజెక్టరు మరలు పాత ఇంజెక్టరు పెట్టి చేత్తో తిప్పి చూశాను, పట్టాయి. గ్లో ప్లగ్గు కన్నాలూ అంతే. అప్పుడు ఆ కొట్టాయనతో ఒక బేరం పెట్టాను: వెయ్యి రూపాయలు బయానా ఇస్తాను, పక్కనున్న లేతు షాపులో గాలి పట్టిద్దాం, చీలిక ఉంటే లేతు ఖర్చు నాది, నా వెయ్యి నాకివ్వండి, లేకపోతే మిగతా డబ్బు ఇక్కడే లెక్కపెడతాను. ఆయన నవ్వి, "అట్లాగే కానీ అబ్బాయ్" అన్నాడు. అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఉంటారు. హెడ్డు నీళ్ళ తొట్టిలో ముంచి గాలి కొట్టారు. బుడగ రాలేదు. బిల్లు రాయించుకున్నాను, ఏ ఇంజను హెడ్డో దాని మీద రాయించుకున్నాను. తొమ్మిది వేల రెండొందలు.

ఆ హెడ్డు ఇవాళ్టికీ నడుస్తోంది.

ఆ తర్వాత నుంచి చుట్టుపక్కల బళ్ళవాళ్ళు సామానుకి వెళ్ళేముందు నా దగ్గరికి రావడం మొదలెట్టారు. ఎక్కువగా క్రాంకు, బేరింగుల సంగతే అడుగుతారు. మన మేస్త్రులు "పది సైజు, ఇరవై సైజు" అంటారు కదా, అదేమిటో చాలామంది కుర్రాళ్ళకి తెలియదు. క్రాంకు అరిగితే దాన్ని గ్రైండింగు చేసి సన్నబరుస్తారు. ఒక మెట్టు సన్నబరిస్తే పది, అంటే అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే అందులో పది, దగ్గరదగ్గర 0.25 మిల్లీమీటరు. రెండో మెట్టు ఇరవై, 0.50. సన్నబడిన దానికి తగ్గట్టు బేరింగులు మందమైనవి వేయాలి. ఆ సైజు బేరింగు వీపు మీద కొట్టి ఉంటుంది. అసలు గ్రైండింగే చేయని దానికి స్టాండర్డ్ అని గుర్తు ఉంటుంది. పాత క్రాంకు కొనేటప్పుడు అమ్మేవాడు "స్టాండర్డే" అంటాడు. మైక్రోమీటరు పెట్టి ప్రతి జర్నలూ రెండు దిక్కులా కొలవండి. ఒకవైపు ఎక్కువా ఇంకోవైపు తక్కువా వస్తే అది కోడిగుడ్డు అయిందని అర్థం, మళ్ళీ గ్రైండింగు తప్పదు. ఇంకో మెట్టు సన్నబరచడానికి చోటు ఉందా లేదా చూసుకున్నాకే ధర మాట్లాడండి. పిస్టన్‌కి దీనికి తలకిందులు: బోరు పెద్దదయ్యే కొద్దీ పిస్టన్ లావుది వేయాలి, ఆ అంకె దాని నెత్తి మీద ఉంటుంది.

ఇంకో మోసం నంబర్ల దగ్గర జరుగుతుంది. మోసమనడం కూడా న్యాయం కాదు, అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. ఇనుము పోతపోసేటప్పుడు అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చే నంబరు ఒకటి ఉంటుంది. అది అచ్చు నంబరు. ఒకే అచ్చులో పోసినవాటికి తర్వాత కన్నాలు వేరువేరుగా తొలవొచ్చు. కాబట్టి ఆ నంబరు కలిసినంత మాత్రాన సామాను కలిసినట్టు కాదు. పార్టు నంబరు వేరు, అది కంపెనీ పార్టుల పుస్తకంలో ఉంటుంది. మన బండి చాసిస్ నంబరు చెప్తే కంపెనీ స్పేర్ల కొట్టులో ఆ నంబరు చూసి చెప్తారు. కొత్తది కొనకపోయినా అడగొచ్చు, అడగడానికి సిగ్గెందుకు? చాసిస్ నంబరులో 17 గుర్తులుంటాయి. ఆర్సీ మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకెళ్ళండి. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కాబట్టి గుండ్రంగా కనిపిస్తే అది సున్నాయే.

హెడ్డు మారిస్తే కాగితాల గొడవ లేదు. బ్లాకు మారిస్తే ఉంది, ఎందుకంటే ఇంజను నంబరు కొట్టి ఉండేది బ్లాకు మీదే, ఆర్సీలో రాసి ఉండేది ఆ నంబరే. హాఫ్ ఇంజను చవగ్గా వచ్చిందని బిల్లు లేకుండా తెచ్చి బిగిస్తే, రేపు చెక్‌పోస్టులో నంబరు కలవదు. అది దొంగబండి ఇంజను అయితే ఇంకా చెప్పక్కర్లేదు. మన రోడ్ల మీద చెకింగులు ఎన్ని ఉంటాయో, గంజాయి పేరు చెప్పి మన బళ్ళని ఎలా విప్పి చూస్తారో మీకు చెప్పాలా? బిల్లు ఉంచుకుని, రవాణా ఆఫీసులో చెప్పి, ఆర్సీ సరిచేయించుకున్నాకే బండి తీయాలి. నంబరు గీకేసి ఉన్న బ్లాకు ఉచితంగా ఇచ్చినా వద్దు.

సెల్ఫ్ మోటారు, డైనమో, క్లచ్ ప్లేటు లాంటి చిన్నవాటికి ఇంత కొలత అక్కర్లేదు, పక్కపక్కన పెట్టి పళ్ళు లెక్కపెడితే చాలు. సెల్ఫ్‌కి పళ్ళెన్ని, ఏవైపు తిరుగుతుంది. క్లచ్ ప్లేటుకి నడిమి కన్నంలో గాళ్ళెన్ని, వ్యాసమెంత. కొన్ని డీజిల్ బళ్ళలో డైనమో వెనకాలే బ్రేకుకి గాలి లాగే పంపు ఉంటుంది. అది లేని డైనమో తెచ్చి బిగిస్తే బల్బులు వెలుగుతాయి, బ్రేకు మాత్రం రాయిలా గట్టిపడుతుంది. ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

మా ఊరి స్కూల్లో పనిచేసే టీచరుగారు, ఆవిడ కిందనుంచి రోజూ వస్తారు, మా షెడ్డు దగ్గర ఆగి వెర్నియరు అడిగి తీసుకెళ్ళారు ఒకసారి. ఐదో తరగతి పిల్లల చేత విప్పపిక్కలు, చింతగింజలు కొలిపించారట. దశాంశాలు రాని పిల్లలు కూడా అరగంటలో చదవడం మొదలెట్టారని చెప్పారు. దాంతో నేను రెండోది కొన్నాను, ఒకటి స్కూల్లోనే ఉంటోంది.

ఇప్పుడు కొత్త చిక్కు వస్తోంది. ఈమధ్య మనవాళ్ళు కొంటున్న బళ్ళలో కంప్యూటరు పెట్టె ఉంటుంది. గాస్కెట్ పరిచి చూడడానికి అది కన్నాలున్న వస్తువు కాదు. రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి, ప్లగ్గు కూడా కూర్చుంటుంది, బండి మాత్రం స్టార్టు కాదు. లోపల రాసిన లెక్క వేరే ఇంజనుదీ, తాళంచెవి గుర్తు వేరే బండిదీ అయి ఉంటుంది. మొన్న ముంచింగిపుట్టు నుంచి ఒక కుర్రాడు అలాంటి పెట్టె పట్టుకుని వచ్చాడు, పాతదీ తెచ్చాడు, సంచిలో కట్టి. రెండింటి మీదా ఉన్న నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టాను, చివరి రెండంకెలు తేడా ఉన్నాయి. మా మేనకోడలు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ఈ ఆదివారం వస్తే చూపిస్తానని చెప్పి, అంతదాకా ఆ కొట్టువాడికి మిగతా డబ్బు ఇవ్వొద్దన్నాను.